పుస్తకాల బీరువా, భార్య ఉద్యోగం, లీడ్స్ ప్రయాణం

ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి ప్రాంతం నుంచి ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు కనుక ఆ వివరాలు తీసివేసి సారాంశం ఇస్తున్నాను.

ఆయన వయసు ముప్ఫై ఆరేళ్లు. ప్రైవేటు బడులలో చాలీచాలని జీతానికి పనిచేస్తూ, అప్పుచేసి అవనిగడ్డలో కోచింగ్ తీసుకుని, 2018 డీఎస్సీలో సెకండరీ గ్రేడ్ టీచరుగా ఎంపికయ్యారు. ఇప్పుడు పనిచేస్తున్న మండల పరిషత్తు పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయులు, ముప్ఫై మందికి కాస్త పైన పిల్లలు ఉన్నారు. ఆ పిల్లలలో చాలామంది తల్లిదండ్రులు బేల్దారి పనులకు బెంగళూరు, హైదరాబాదు వెళ్లి, పిల్లలను అవ్వాతాతల దగ్గర వదిలినవారే. ఆయన భార్య ఒంగోలులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. మూడేళ్లుగా రాత్రి డ్యూటీల మధ్య చదువుకుని ఇంగ్లీషు పరీక్ష, నర్సింగ్ కౌన్సిల్ వారి కంప్యూటర్ పరీక్ష పూర్తిచేసి, ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగం సంపాదించారు. నవంబరులో చేరాలి. వారికి నాలుగున్నరేళ్ల పాప ఉంది. ఇంట్లో అరవై నాలుగేళ్ల తల్లి ఉన్నారు. అక్కగారిది పొదిలి.

ఉత్తరంలో ఎక్కువ భాగం పుస్తకాల గురించే. ఇంట్లో ఒక ఇనుప బీరువా, బడిలో రెండు ర్యాకులు, అన్నీ కలిపి ఆరు వందల దాకా పిల్లల పుస్తకాలు ఉన్నాయట. తండ్రిగారు బైండు చేయించిన చందమామలు, చిన్నప్పుడు విశాలాంధ్ర వారి పుస్తకాల బస్సు కనిగిరి వచ్చినప్పుడు కొన్న సోవియట్ బొమ్మల పుస్తకాలు, నేషనల్ బుక్ ట్రస్టు, ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థల సన్నని పుస్తకాలు, తనను టీచరును చేసినవని ఆయన చెప్పుకున్న జపాను బడి కథ ‘రైలుబడి’, గుజరాతీ విద్యావేత్త గిజుభాయి ‘పగటి కల’. రోజూ చివరి పీరియడులో ఒక పుస్తకం పైకి చదువుతారు. గుణింతం కూడా రాని పిల్లలు ఆ బొమ్మల పుస్తకాల మీది మోజుతోనే చదువు నేర్చుకున్నారని రాశారు. ప్రయాణం సంగతి ఊళ్లో తెలిశాక మూడో తరగతి పిల్లవాడొకడు “మీరు కూడా పోతారా సార్?” అని అడిగితే జవాబు చెప్పలేక బోర్డు తుడుస్తూ నిలబడిపోయారట.

ఆయన అడిగినవి ఇవి. ఉద్యోగానికి రాజీనామా చేసి వెళ్లడమా, భార్యను ఒంటరిగా పంపి పాపతో ఇక్కడే ఉండిపోవడమా? అక్కడ తనకు టీచరు ఉద్యోగం వస్తుందా? పుస్తకాలను ఏం చేయాలి? తల్లి సంగతి ఏమిటి? “పెళ్లాం వెనకపడి పోయాడు” అనే బంధువుల మాటలకు ఏం చెప్పాలి? ఒంగోలులో పాత పుస్తకాలు సేకరించే ఒకాయన చందమామ బైండ్లకు మంచి ధర ఇస్తానంటున్నాడని, అమ్మవచ్చునా అని ఉత్తరం చివర మరొక ప్రశ్న.

మాస్టారూ,

మీ ఉత్తరం ఎనిమిది పేజీలు ఉంది. అందులో అయిదు పేజీలకు పైగా పుస్తకాలు, ఒకటిన్నర పేజీ బడిపిల్లలు, అర పేజీ బంధువులు. మీ భార్య మూడేళ్లు రాత్రిళ్లు మేల్కొని సంపాదించిన ఉద్యోగానికి ఒక పేరా దక్కింది. ఆమె ఏమనుకుంటున్నారన్న విషయం ఒకే ఒక్క వాక్యంలో ఉంది, అదీ మీరు ఫిర్యాదుగా రాసినది. “ఆ బీరువా ముందు కూర్చునే నన్ను సాగనంపుతావా?” అని ఆమె అడిగారట. పుస్తకాలంటే ఆమెకు గౌరవం లేదనడానికి మీరు దానిని రుజువుగా చూపారు. నాకు అలా కనిపించలేదు. మీరు వస్తారా, రారా అన్నది ఆమె అడుగుతున్న ప్రశ్న. మీరేమో పుస్తకాలు వస్తాయా, రావా అన్నదానికి సమాధానం వెతుకుతున్నారు.

ఇది తప్పుపట్టడానికి చెప్పడం లేదు. అంత కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగాన్ని, ఆ ఊరిలో మాస్టారుగా దొరికిన మర్యాదను, చేతనైన పనిని వదిలి, తన పని పనికివస్తుందో రాదో తెలియని దేశానికి వెళ్లాలంటే ఎవరికైనా భయమే. ఆ భయాన్ని భయంగా రాయడం కష్టమై, పుస్తకాల మీద పెట్టి రాశారని నాకనిపించింది. అందుకే ముందు ఉద్యోగం సంగతి విడిగా మాట్లాడుకుని, తరువాత బీరువా తెరుద్దాం.

రాజీనామా అన్న మాటను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. జీతం లేని అసాధారణ సెలవుకు, అంటే మీ బడుల భాషలో ఈఓఎల్‌కు, విదేశానికి వెళ్లేందుకు అనుమతికి మండల విద్యాశాఖాధికారి ద్వారా ముందుగా దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రభుత్వోద్యోగికి ఏ రకమైన సెలవైనా ఏకబిగిన అయిదేళ్లకు మించి ఇవ్వరాదన్నది మూల నిబంధనలలో ఉన్న మాట. మంజూరు చేయడం అధికారుల చేతిలోని పని, మీ హక్కు కాదు. అందువల్ల ఉత్తర్వు చేతికి రాకుండా టిక్కెట్టు కొనకండి. “ముందు వెళ్లిపో, కాగితం తరువాత చూసుకోవచ్చు” అని సలహా ఇచ్చే సహోద్యోగులు ప్రతి మండలంలోనూ ఉంటారు. అనుమతి లేకుండా ఏడాదికి మించి విధులకు రానివారిని రాజీనామా చేసినట్టుగానే భావించే నిబంధన మన రాష్ట్రంలో ఉంది. ఆ సలహా విన్నవారు తిరిగి వచ్చి కోర్టుల చుట్టూ తిరిగారు.

సెలవు దొరికినా దానికి ఖర్చు ఉంటుంది. ఆ కాలానికి జీతం ఉండదు, ఇంక్రిమెంట్లు ఆగుతాయి, మీరు 2004 సెప్టెంబరు తరువాత చేరినవారు కనుక సీపీఎస్ పింఛను ఖాతాలో జమలు కూడా ఆగుతాయి. తిరిగి వస్తే ఇదే బడి దొరుకుతుందన్న హామీ లేదు. ఈ చివరి మాట మిమ్మల్ని ఎక్కువగా బాధిస్తుందని తెలుసు, కాని ఒక్కసారి ఆలోచించండి. ఒకే బడిలో ఎనిమిది విద్యా సంవత్సరాలు నిండిన ఉపాధ్యాయుడికి బదిలీ తప్పనిసరి. మీరు ఎక్కడికీ వెళ్లకపోయినా ఆ ర్యాకులను, ఆ గదిని ఇంకొన్నేళ్లలో మరొకరికి అప్పగించవలసినవారే. మిమ్మల్ని ప్రశ్న అడిగిన మూడో తరగతి పిల్లవాడు మూడేళ్లు తిరగకముందే అయిదు పూర్తిచేసి హైస్కూలుకు పోతాడు. ఈ పిల్లలను వదలలేక ఆగిపోతున్నానని మీరనుకుంటే, ఏ పిల్లల కోసం ఆగుతారో ఆ పిల్లలే అప్పటికి అక్కడ ఉండరు. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడి బతుకు ఎప్పుడూ అంతే కదా.

ఇక ఆగిపోవడం. భార్యను పంపి పాపతో ఇక్కడ ఉండిపోతానన్న ఆలోచన మీకు త్యాగంలా కనిపించి ఉండవచ్చు. దానివల్ల ఏం జరుగుతుందో చూడండి. బ్రిటన్ నిబంధనల ప్రకారం తల్లిదండ్రులలో ఒక్కరే అక్కడ ఉంటే పిల్లకు ఆశ్రిత వీసా ఇవ్వడం సాధారణంగా జరగదు. ఇద్దరూ అక్కడ ఉండాలి, లేదా పిల్ల బాధ్యత పూర్తిగా ఒక్కరిదేనని రుజువు కావాలి. మీ ఇంట్లో ఆ రుజువుకు తావు లేదు. అంటే మీరు ఆగితే పాప ఆగుతుంది, పాప ఆగితే తల్లి ఏడాదికొకసారి సెలవు మీద వచ్చే మనిషవుతుంది. మీ బడిలో అవ్వాతాతల దగ్గర పెరుగుతున్న పిల్లల గురించి అంత నొచ్చుకుని రాసిన మీరు, మీ ఇంట్లోనూ అటువంటి పిల్లను తయారుచేస్తున్నానని గమనించారో లేదో. మీ భార్యే ఆ ఉద్యోగం వద్దని మానుకోవడం కూడా జరగవచ్చు, కాని అది ఆమె చెప్పవలసిన మాట. మీ మౌనం చూసి ఆమె మానుకుంటే, ఆ మానుకున్న ఉద్యోగం మీ ఇద్దరి మధ్య చాలా ఏళ్లు ఉంటుంది.

రెండో దారి, అందరూ కలిసి నవంబరులోనే వెళ్లడం. అందులో ఉన్న మంచి ఏమిటంటే పాప తల్లిని ఒక్క రోజు కూడా విడవదు. చెడు ఏమిటంటే అక్కడికి వెళ్లాక మీ భార్య ప్రాక్టికల్ పరీక్ష ఒకటి నెగ్గాలి. నర్సులు ఆస్కీ అని పిలుచుకునే ఆ పరీక్ష అయ్యేదాకా ఆమెకు పూర్తి స్థాయి నర్సు హోదా ఉండదు. ఆ నెలలలో కొత్త ఊరు, అద్దె ఇంటి వేట, మధ్యాహ్నం నాలుగు గంటల లోపే పొద్దు గుంకే డిసెంబరు, ఇంట్లో పనిలేని భర్త, బడి దొరకని పాప, అన్నీ ఒకేసారి ఆమె నెత్తిన పడతాయి. మీ విద్యా సంవత్సరం కూడా మధ్యలో తెగిపోతుంది, బడి ఒంటి ఉపాధ్యాయుడి మీద పడుతుంది.

ఆమె ముందు వెళ్లి పరీక్ష పూర్తిచేసి ఇల్లు చూసుకోవడం, మీరు ఏప్రిల్ చివర బడి మూసేదాకా పనిచేసి వేసవి సెలవులలో పాపతో వెళ్లడం మూడో దారి. పాపకు అప్పటికి అయిదేళ్లు నిండుతాయి. అక్కడ సర్కారు బడిలో ఉచితంగా చేర్చుకుంటారు, సెప్టెంబరులో ఒకటో తరగతికి వెళుతుంది. ఈ దారిలో ఆరు నెలల ఎడబాటు ఉంది, ఆ ఆరు నెలలు చలికాలంలో ఒంటరిగా గడపవలసింది మీ భార్య. మీ కాగితాలు కదలడానికి, తల్లిగారికి ఏర్పాటు చేయడానికి, బడిలో పిల్లలకు మర్యాదగా చెప్పడానికి మీకు సమయం దొరుకుతుంది. నా మొగ్గు దీనివైపే. అయితే సౌకర్యం మీది, ఇబ్బంది ఆమెది అయ్యే ఏర్పాటు ఇది కనుక దీనిని మీ నిర్ణయంగా చెప్పకండి. మూడు దారులూ ఆమె ముందు పెట్టి, ఏది తట్టుకోగలనని ఆమె అంటారో వినండి. ఆమె రెండోదే కావాలంటే అదే చేయండి.

అక్కడ టీచరు ఉద్యోగం గురించి మీరు కొంచెం తేలికగా అనుకుంటున్నారు. మీ భార్య వీసా మీద ఆశ్రితుడిగా వెళ్లిన మీకు పనిచేసే హక్కు ఉంటుంది, అది నిజం. ఇంగ్లండులో ప్రభుత్వ బడులలో ఉపాధ్యాయుడికి కావలసిన అర్హత హోదాను భారతదేశపు ఉపాధ్యాయులు నేరుగా దరఖాస్తు చేసుకుని పొందే వీలు 2023లో వచ్చింది, అదీ నిజమే. కాని మన దేశం వారికి ఆ వీలు గణితం, విజ్ఞాన శాస్త్రం, భాషలను పదకొండు నుంచి పదహారేళ్ల పిల్లలకు బోధించేవారి వరకే ఉంది. ప్రాథమిక తరగతుల వారికి లేదు. మీ డీఎడ్, దూరవిద్య బీఏ అక్కడ మిమ్మల్ని మొదటి రోజునే తరగతి ఉపాధ్యాయుడిని చేయవు. అక్కడి శిక్షణ కోర్సు చేయవచ్చు, కాని దాని ఫీజు ఒక నర్సు తొలి ఏళ్ల జీతానికి బరువే.

దొరికే పని టీచింగ్ అసిస్టెంటు, అంటే తరగతి ఉపాధ్యాయురాలికి సహాయకుడు. దానికి ఆ అర్హత హోదా అవసరం లేదు, నేర చరిత్ర లేదని తనిఖీ మాత్రం తప్పదు. జీతం తక్కువ. మీకంటే పదేళ్లు చిన్న అమ్మాయి చెప్పినట్టు పిల్లల కోట్లు తగిలించడం, వెనకబడిన నలుగురిని మూల కూర్చోబెట్టుకుని చదివించడం ఆ పని. ఇక్కడ మాస్టారుగా ఉన్న మనిషికి అది మింగుడుపడకపోవచ్చు. మరోపక్క ఆ నలుగురిని కూర్చోబెట్టి చదివించడమే మీరు ఉత్తరమంతా సంతోషంగా రాసిన పని అని కూడా గమనించాను. హాజరు పట్టీలు, యాప్‌లలో ఫోటోలు ఎక్కించడం, భోజనం లెక్కలు లేకుండా ఆ ఒక్క పనే రోజంతా చేయడం మీకు శిక్షో వరమో మీరే తేల్చుకోవాలి. ఒక ఏడాది ఏ పనీ చేయకుండా ఇల్లు, పాప చూసుకుంటూ మీ ఇంగ్లీషు ఉచ్చారణ సరిచేసుకోవడం కూడా అవమానం కాదు. భర్త ఉద్యోగం కోసం లాంగ్ లీవ్ పెట్టి అమెరికా వెళ్లిన టీచరమ్మలను మీరు చూసే ఉంటారు. వారిని ఎవరూ ఏమీ అనలేదు. మీ బంధువుల మాటకు నా దగ్గర ఇంతకంటే పెద్ద జవాబు లేదు, అవసరమూ లేదు.

ఇప్పుడు పుస్తకాలు. మీరు ఇష్టంగా పేర్కొన్న సోవియట్ పుస్తకాల లోపలి పేజీ ఒకసారి తీసి చూడండి. అనువాదకుల పేర్ల దగ్గర ఉప్పల లక్ష్మణరావు అనో, ఆర్వియార్ అని అందరూ పిలిచిన రాళ్లభండి వెంకటేశ్వరరావు అనో కనిపించవచ్చు. వీరు మాస్కోలో నివసిస్తూ, అక్కడి ప్రచురణ సంస్థలలో ఉద్యోగం చేస్తూ ఆ కథలను తెలుగు చేశారు. మంచు కురిసే ఊళ్లో కూర్చుని వారు రాసిన తెలుగు కనిగిరిలో బస్సు దగ్గర నిలబడిన ఒక పిల్లవాడికి చేరి, ముప్ఫై ఏళ్ల తరువాత అతని బడిలో పిల్లలకు చేరింది. గిజుభాయి సంగతి కూడా మీకు తెలిసే ఉంటుంది. 1907లో ఆయన బతుకుతెరువు కోసం తూర్పు ఆఫ్రికా వెళ్లారు, తిరిగి వచ్చి బొంబాయిలో న్యాయశాస్త్రం చదివారు, వకీలుగా పనిచేశారు, ఆ తరువాతే భావనగర్‌లో పిల్లల మధ్యకు వచ్చారు. దేశం విడిస్తే పిల్లల పుస్తకాలతో మీ సంబంధం తెగిపోతుందని మీరు నాలుగు చోట్ల రాశారు. మీ బీరువాలో ఉన్న పుస్తకాలు ఆ మాటను ఒప్పుకోవు.

ఆరు వందల పుస్తకాలను ఒకే మూటగా చూడకండి. బడిలో ర్యాకుల మీద ఉన్నవి, పిల్లల చేతులలో నలిగి అట్టలు ఊడినవి, బడిలోనే ఉండాలి. దీనిలో ఆలోచించడానికేమీ లేదు. ఎలా ఉంచుతారన్నది మాత్రం ఆలోచించవలసిన విషయం. నమ్మకమైన పద్ధతి అనుకుని వాటిని స్టాకు రిజిస్టరులో ఒక్కొక్కటిగా ఎక్కించి సంతకం పెట్టించారంటే, మీ తరువాత వచ్చే ఉపాధ్యాయుడు ఒక పుస్తకం పోతే తన జీతంలో కోత పడుతుందని భయపడి బీరువాకు తాళం వేస్తాడు. మన బడులలో పుస్తకాలు చెదపురుగుల కంటే ఈ తాళం వల్లే ఎక్కువ పోయాయి. అందుకని చిరగడం, పోవడం సహజమని, అలా పోయినవాటిని ప్రధానోపాధ్యాయుడు రద్దు చేయవచ్చునని రాసి, విరాళంగా మొత్తం ఒకే పద్దు కింద నమోదు చేయించండి. తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో ఆ మాట తీర్మానంగా రాయించండి. మీ దగ్గర చదివి ఇప్పుడు హైస్కూలులో ఉన్న పిల్లలు నలుగురైదుగురు ఉంటారు కదా, సాయంత్రాలు పుస్తకాలు ఇచ్చి తీసుకునే పని వారికి అప్పగించండి. వారు కొన్ని పోగొడతారు. పోనివ్వండి.

ఇంట్లో బీరువాలో ఉన్నవి వేరు. వాటిలో మీ పాపకు మీరు పైకి చదివి వినిపించగలవి ఏరండి. విమానంలో ఒక్కో పెట్టెకు సాధారణంగా ఇరవై మూడు కిలోలు, అందులో పచ్చళ్లు, పప్పులు, పాప చలిబట్టలు పోగా మిగిలేది కొంతే. ఆ కొంతలో గట్టి అట్టల సోవియట్ పుస్తకాల కంటే సన్నని బొమ్మల పుస్తకాలు ఎక్కువ పడతాయి. ఎన్ని పట్టుకెళ్లాలో పాపను అడగండి. ఆమెకు నచ్చేవి మీకు నచ్చినవి కాకపోవచ్చు, పట్టుకెళ్లవలసినవి ఆమెకు నచ్చినవే. మిగతావాటిని ఓడ మీద తెప్పించుకోవాలన్న ఆలోచన ఇప్పుడే చేయకండి. మొదట ఏ ఇల్లు దొరుకుతుందో, అందులో ఎన్నాళ్లు ఉంటారో తెలియదు.

అక్కడికి వెళ్లాక మొదటి వారంలోనే పాపను ఊరి ప్రజా గ్రంథాలయానికి తీసుకెళ్లండి. సభ్యత్వానికి డబ్బు అడగరు, చిన్నపిల్లలకు నేల మీద కూర్చునే చోటు, బొమ్మల పుస్తకాలు తొట్టెలలో నింపిన చోటు వేరుగా ఉంటాయి, పుస్తకాలు ఇంటికి ఇస్తారు. పిల్లల పుస్తకాల గురించి అయిదు పేజీలు రాయగల మనిషికి ఇంగ్లండును పరిచయం చేసుకోవడానికి ఇంతకంటే మంచి తలుపు నాకు తోచడం లేదు. మీ ఇంగ్లీషు కూడా అక్కడే బాగుపడుతుంది. పాప తెలుగు విషయంలో మాత్రం ముందే చెబుతున్నాను. బడిలో చేరిన కొన్ని నెలలకే ఆమె ఇంగ్లీషులో జవాబివ్వడం మొదలుపెడుతుంది. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఊళ్లలో శని, ఆదివారాలలో తెలుగు తరగతులు నడుస్తుంటాయి. దగ్గరలో ఉంటే చేర్చండి, లేకపోతే మీరే నలుగురు పిల్లలను పోగుచేసి మొదలుపెట్టవచ్చు. కాని వారానికి ఒక తరగతి కంటే, రోజూ పడుకునే ముందు మీరు పావుగంట చదివే కథ ఎక్కువ పని చేస్తుందని మీకు నేను చెప్పనక్కరలేదు. చివరి పీరియడు అనుభవం మీకే ఉంది.

బడిపిల్లలకు వీడియోలో కథలు చదువుతానని రాశారు. మధ్యాహ్నం మూడు గంటలకు మీ బడిలో కథ పీరియడు పెడితే లీడ్స్‌లో చలికాలం ఉదయం తొమ్మిదిన్నర, వేసవిలో పదిన్నర అవుతుంది కనుక సమయం కుదురుతుంది. కుదరనిది వేరొకటి ఉంది. ఆ తరగతి అప్పటికి మరొక ఉపాధ్యాయుడిది. గోడ మీది తెరలో పాత మాస్టారు రోజూ ప్రత్యక్షమవుతుంటే కొత్తవారు ఎలా నిలదొక్కుకుంటారు? కొన్ని కథలు ముందే మీ గొంతులో రికార్డు చేసి ఇచ్చి వెళ్లండి, వాడుకోవాలో లేదో వారికే వదలండి. నెలకొకసారి రమ్మని వారే పిలిస్తే వెళ్లండి. వారం వారం వస్తానని పిల్లలకు మాట ఇవ్వకండి. ఫోను చేస్తామని వెళ్లినవారి కోసం ఎదురుచూడటం ఆ పిల్లలకు ఇప్పటికే బాగా తెలుసు.

ఆ మూడో తరగతి పిల్లవాడికి జవాబు బాకీ ఉన్నారు. వాళ్ల అమ్మానాన్నలు బహుశా వాడు నిద్రలో ఉండగా బెంగళూరు బస్సు ఎక్కి ఉంటారు. మీరు వేసవి సెలవులలో చెప్పకుండా మాయం కాకండి. సెలవు ఉత్తర్వు వచ్చిన తరువాత, బడి మూయడానికి కనీసం నెల ముందు, తరగతి మొత్తానికి చెప్పండి. ఎక్కడికి వెళుతున్నారో పటం మీద చూపండి, ఎందుకు వెళుతున్నారో, పాప వాళ్లమ్మ దగ్గర ఉండాలి కనుక అని దాచకుండా చెప్పండి. తిరిగి ఇదే బడికి వస్తానని మాత్రం అనకండి, అది మీ చేతిలో లేదు.

మీ అమ్మగారి విషయంలో ఒక్క గట్టి మాట. “తరువాత నిన్నూ తీసుకెళతాం” అని ఆమెకు చెప్పకండి. బ్రిటన్‌లో వృద్ధులైన తల్లిదండ్రులను శాశ్వతంగా తెచ్చుకునే దారి 2012 నుంచి దాదాపు మూసుకుపోయింది. సందర్శకురాలిగా ఒకసారి వస్తే ఆరు నెలల వరకు ఉండవచ్చు, అంతే. కనుక ఆమె ఎక్కడ ఉండాలన్నది ఇప్పుడే, ఆమె ఎదుటే, అక్కగారితో కలిసి మాట్లాడండి. పొదిలి వెళ్లడం ఆమెకు ఇష్టమా, సొంత ఊళ్లో ఉండి అక్కగారు వచ్చిపోవడం ఇష్టమా, నెలనెలా డబ్బు ఎవరు ఎంత పంపుతారు, ఆసుపత్రి అవసరం వస్తే రాత్రిపూట ఎవరు వస్తారు అన్నవి పేర్లతో సహా తేలాలి. అక్కగారి మీద భారం పడుతుంది, ఆ మాట ఆమె అనకముందే మీరు అనండి.

సెలవు అయిదేళ్లే. అక్కడ శాశ్వత నివాసానికి 2025 నాటికి ఉన్న గడువు కూడా అయిదేళ్లే, కాని దానిని పదేళ్లకు పెంచాలని బ్రిటిష్ ప్రభుత్వం 2025లో ప్రతిపాదించింది. అంటే నాలుగో ఏడు దాటేసరికి మీరిద్దరూ మళ్లీ కూర్చుని, పోస్టు వదులుకోవడమా, తిరిగి రావడమా అని తేల్చుకోవలసి ఉంటుంది. అప్పటికి పాపకు తొమ్మిది పదేళ్లు ఉంటాయి, ఆమెకూ ఒక అభిప్రాయం ఉంటుంది. ఈ రోజు ఆ నిర్ణయం చేయలేదని దిగులు పడకండి.

ఇక చందమామలు. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక పాత సంచికలు చాలా వరకు స్కాన్ అయి పాఠకుల మధ్య తిరుగుతూనే ఉన్నాయి. ఆ కథలు మీకు కావాలంటే లీడ్స్‌లోనూ దొరుకుతాయి. బైండ్లను బడికి ఎందుకు తీసుకెళ్లలేదో మీరే రాశారు, పిల్లలు చింపుతారని. ముట్టుకోనివ్వని పుస్తకాలను ముట్టుకునేవాడికి అమ్మడంలో తప్పేమీ లేదు. కాని వాటిని కుట్టించింది మీ నాన్నగారు. కనుక ఒంగోలు ఆయనకు జవాబు చెప్పే ముందు మీ అమ్మగారిని అడగండి. ఆమె సరేనంటే ధర రెండు చోట్ల విచారించి అమ్మండి, ఆ డబ్బుతో బడి ర్యాకులకు కొత్త బొమ్మల పుస్తకాలు కొనండి. వద్దంటే, ఆమె ఎక్కడ ఉంటే బైండ్లు అక్కడే ఉంటాయి. బీరువాలో వేపాకు వేసి, వానాకాలం పోయాక ఒకసారి ఎండలో పెట్టమని మేనల్లుళ్లకు చెప్పి వెళ్లండి.